మసక నా కంట్లో లేదు

మొదటి మునక, సోమవారం

ఈ మునకల పుస్తకంలో రిమార్కులకు రెండంటే రెండు గీతలు ఇచ్చారు. లోతుకొక గడి, గాలికొక గడి, నీటి చల్లదనానికొక గడి. డెబ్బై దాటినవాళ్ళకు అదనంగా 'ఆరోగ్య స్థితి' అని ఇంకో గడి. అందులో నేను 'ఉంది' అని రాశాను. రిమార్కులు మాత్రం అంచుల్లోకీ, వెనక పేజీల్లోకీ పాకుతాయి. ముప్ఫై ఏళ్ళకు పైగా కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పినదాన్ని రెండు గీతల్లో ముగించమంటే అయ్యే పని కాదు.

ఇవాళ్టి విశేషం, మాచేత నాచు సాగు చేయించే సొసైటీవాళ్ళు నా పాత మాస్కు లాక్కుని కొత్తది ఇచ్చారు. వృద్ధుల భద్రత కోసమట. పాతది నోరు మూసుకుని తన పని తను చేసుకునేది. కొత్తది మాట్లాడుతుంది. దాని తెలుగు వింటుంటే ఏ పాత ఆఫీసు గోడ మీది నోటీసుకో ప్రాణం వచ్చినట్టు ఉంటుంది. పైగా ఆ గొంతు చెంప ఎముకలోంచి వినిపిస్తుంది, చెవులు మూసుకున్నా లాభం లేదు.

తెప్ప అంచున నిచ్చెన దిగి, ఎనిమిది బారల కింద ఉన్న నా మడిలోకి చేరేసరికి అద్దం లోపల ఆవిరి కమ్మేసింది. ఇడ్లీపాత్రలో కూర్చుని లోకాన్ని చూస్తున్నట్టయింది.

"అద్దముపై తేమ ఏర్పడినది," అంది మాస్కు.

అది నాకు కనిపిస్తూనే ఉంది. అదొక్కటే కనిపిస్తోంది.

"దయచేసి శ్వాసించుట తగ్గించుకొనుడు."

ఈ డెబ్బైమూడేళ్ళలో నాకు చాలామంది చాలా సలహాలు ఇచ్చారు. ఊపిరి తగ్గించుకోమన్నది ఇదే మొదలు. నోట్లో గాలిగొట్టం ఉండబట్టి దానికి జవాబు చెప్పలేకపోయాను. ఆ కసిలో నాచు కొయ్యబోయి బుట్ట తాడు కోసేశాను. బుట్ట ఎటో పోయింది. నేను పైకి వచ్చాను.

నిచ్చెన దగ్గర మా వియ్యపురాలు లాస్యప్రియ నాకంటే ముందే పైకొచ్చి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉంది. డెబ్బై దాటితే జత లేకుండా మునగకూడదని రూలు. నా జత ఆవిడ. కూతుర్ని మా ఇంటికి ఇచ్చింది చాలదన్నట్టు సముద్రంలో కూడా నా పక్కనే ఉంటుంది. ఒకప్పుడు పేరున్న వకీలు. కోర్టులు మూసేశారు గానీ ఆవిడ మూయలేదు.

"ఉమ్మారా వదినగారూ?" అంది.

"ఏమిటీ?"

"మాస్కులోనండి. దిగేముందు తుపుక్కున ఉమ్మి, వేలితో అద్దమంతా రాసి, ఓసారి నీళ్ళలో జాడించి పెట్టుకోవాలి. ఊరు ఊరంతా అదే చేస్తాది కదండీ."

"మొహానికి పెట్టుకునేదాంట్లోనా?"

"మరి కాళ్ళకి తొడుక్కునేదాంట్లో ఉమ్మితే ఏం లాభవండీ?"

ఇన్నాళ్ళూ నాకీ అవసరం రాలేదు. సరుకుల ఓడ చిన్న సీసాలో ఒక మందు తెచ్చేది, ఒక చుక్క రాస్తే అద్దం రోజంతా తేటగా ఉండేది. ఆ సీసాలు రావడం మానేశాయి. ఊరంతా ఉమ్ముతుంటే మందెవరు కొంటారు?

రెండో మునక, బుధవారం

ఇవాళ చూపు పరీక్ష. తప్పాను.

ఈ పరీక్ష కింది ఊరి బస్టాండులో పెడతారు. సముద్రం ఊళ్ళోకి వచ్చాక జనం తెప్పల మీదికెక్కి, పైన తేలూరు కట్టుకున్నారు. కింది ఊళ్ళో బస్టాండు గోడ ఒక్కటీ నిటారుగా మిగిలింది. దాని మీది రాతలకు సొసైటీ ఏటా రంగు వేయిస్తుంది, వృద్ధుల చేత చదివించడానికి. బస్సు వచ్చి అరవై ఏళ్ళు దాటినా బస్సుల వేళలు మాత్రం కొత్తగా మెరుస్తుంటాయి.

పరీక్ష పెట్టేది ఇన్‌స్పెక్టరు రిత్విక్. నా శిష్యుడే. వాడికిప్పుడు మనవలు. కర్రతో ఒక రాత చూపించాడు, పలక మీద రాయమన్నాడు. నాకు కనిపించింది గోడ కాదు, గోడ రంగు ఆవిరి. అందులో మొదటి అక్షరం 'మ' అని లీలగా తోచింది. మిగతాది అనుభవంతో పూరించాను.

పైకొచ్చాక రిత్విక్ పలక తీసుకుని చాలాసేపు చూశాడు.

"మేడమ్, నేను చూపించింది 'మంచినీరు'. మీరు 'మునిసిపాలిటీ' అని రాశారు."

"మొదటి అక్షరం సరిపోయింది కదా. సగం మార్కు వెయ్యి."

"మీరు మాకు ఎప్పుడూ సగం మార్కు వెయ్యలేదు మేడమ్."

"నిన్ను ప్రాక్టికల్స్‌లో గట్టెక్కించింది ఎవరు?"

"మీరే మేడమ్. రెండోసారి రాయించి." వాడు తల వంచుకునే రిపోర్టులో రాశాడు: చూపు మసక.

"మసక నా కంట్లో లేదు నాయనా, అద్దంలో ఉంది," అన్నాను.

"అందరూ అదే అంటారు మేడమ్."

ఇంకొక్క అవకాశం ఉంది, వచ్చే సోమవారం. అది కూడా తప్పితే నా మడి సొసైటీకి పోతుంది. వాళ్ళు దాన్ని దున్నేసి, సంచులు చేసే పట్టానాచు వేస్తారు. నన్ను పైన ఆరబోత పనికి పంపిస్తారు.

మడి అంటే మా మామ్మ కాలంలో వేరే అర్థం ఉండేది. తడిబట్ట కట్టుకోవడం, ఎవరినీ తాకకపోవడం, ఎంగిలి సోకకుండా చూసుకోవడం. తడిబట్టే లెక్కయితే తేలూరంతా పొద్దస్తమానం మడిలోనే ఉంది. నేను చెప్పేది నా నాచుమడి. నాలుగు గుంజల మధ్య చాపంత జాగా. అందులో పదకొండేళ్ళుగా ఒక నాచును సాకుతున్నాను. ఈ ఉప్పుగాలికి తెప్పల మీద గోంగూర బతకదు, చింతచెట్టు మాట సరేసరి. ఇక్కడ పుట్టిన పిల్లలకు పులుపంటే ఓడలో వచ్చే మాత్ర. అందుకని ఏటా కాస్త పుల్లగా ఉన్న మొక్కలు ఏరి, వాటి పిలకలే నాటుతూ వస్తున్నాను. దానికి పుల్లనాచు అని పేరు పెట్టాను. పేరు ముందు పెట్టాను, పులుపు వెనక వస్తుందని.

ఏటా మొదటి కోత నూరి, వియ్యపురాలికి రుచి చూపించడం ఆనవాయితీ. ఆవిడ తీర్పు ఏటా ఒకటే. "పులుపు లేదండి వదినగారూ." నిరుడు మటుకు కాస్త వివరంగా చెప్పింది. "తడిసిన దస్తావేజు నమిలినట్టుందండి."

ఈ ఏటి కోత ఇంకా ఆవిడకు పెట్టలేదు. మనవరాలు అచ్చమ్మకు పెడితే, "నాయనమ్మా, చెవుల కింద లాగుతోంది," అంది. అది మొహమాటమో పులుపో తేలలేదు. (ఇప్పటి పిల్లలకు అచ్చమ్మ, పుల్లయ్య అని నాజూకు పేర్లు పెట్టుకుంటున్నారు. మోక్షిత, లాస్యప్రియ అని ముసలి పేర్లు మోస్తున్నది మేమే.)

మూడో మునక, గురువారం

రసాయన శాస్త్రం చదివింది ఇలాంటి రోజు కోసమే అనుకుని వంటింట్లోకి వెళ్ళాను.

ముందు పళ్ళపేస్టుతో అద్దం తోమాను. కొత్త అద్దం మీద తయారీలో అంటుకున్న జిడ్డు పొర ఉంటుంది, అది వదిలింది. ఆవిరి కమ్మడం మానలేదు గానీ కొంచెం ఆలస్యంగా కమ్మింది. కళ్ళు లవంగం వాసన వేశాయి.

నాలుగో మునక, గురువారమే

కుంకుడు రసం. అద్దం నిర్మలంగా ఉంది. కళ్ళు తెరవలేకపోవడం ఒక్కటే లోపం. నీళ్ళలో ఉండి ఏడవడం ఇదే మొదటిసారి. ఏడుపు మాస్కులోనే నిండింది.

"అద్దము లోపల నీరు చేరినది," అంది మాస్కు. "మీ ఆరోగ్య స్థితిని నమోదు చేయుడు."

అయిదో మునక, శుక్రవారం

నానబెట్టిన మెంతుల జిగురు. దీని మీద చాలా ఆశ పెట్టుకున్నాను. ఆవిరి ఆగిన మాట నిజమే, దాని చోట మెంతులు నిలిచాయి. లాస్యప్రియ నన్ను చెయ్యి పట్టుకుని నిచ్చెన దాకా తీసుకొచ్చింది. దారిలో ఒక గుంజకు నన్ను తగిలించింది, పొరపాటునే అనుకుంటాను.

పైకొచ్చి మాస్కు తీసి వాసన చూసింది.

"ఊరగాయ పెడతన్నారేటండీ?"

"ప్రయోగం."

"అయ్యబాబోయ్! ఎన్ని ప్రయోగాలండీ, ఒక్క ఉమ్ముకి బదులు! అందులో ఏముందో మీకు తెలీదా?"

తెలుసు. ఉమ్మిలో సన్నటి జిగురు ఉంటుంది. అద్దం మీద ఆవిరి బొట్లు బొట్లుగా ముడుచుకోకుండా పల్చటి పొరలా పరుచుకునేట్టు చేస్తుంది. పొరలోంచి చూపు దూరుతుంది, బొట్లలోంచి చెదురుతుంది. ఈ పాఠం ఎన్ని తరగతులకు చెప్పానో. చెప్పడం వేరు, ఉమ్మడం వేరు. మా ఇంట్లో ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టరు. కంటికి ఆనించుకునేదాంట్లో ఎంగిలా!

"ఎంగిలి అంటే ఇతరులదండి," అంది వకీలు. "మీ నోట్లోది మీకు ఎంగిలెలా అవుతుంది? పొద్దస్తమానం మింగుతూనే ఉన్నారు కదా. లోపలికి వెళ్తే మడీ, బయటికి వస్తే మైలా? ఈ సెక్షన్ ఎక్కడుందో చూపించండి."

నేను మాస్కులోని మెంతులు కడుక్కోవడానికి వెళ్ళాను.

ఆరో మునక, శనివారం. దిగలేదు

గాలి సిలిండర్ల చాటుకు వెళ్ళి, ఎవరూ లేరని చూసుకుని, మాస్కు మొహం దగ్గర పెట్టుకుని ఉమ్మడానికి ప్రయత్నించాను.

రాలేదు.

ఇంకోసారి ప్రయత్నించాను. పిల్లి దగ్గినట్టు చప్పుడు మాత్రం వచ్చింది.

డాక్టరు అమ్మాయిని అడిగాను. "మీ బీపీ మాత్రకి నోరు ఎండుతుందండి. వయసు కూడా కదా," అంది. ఈ నోటి గురించి జనం చాలా అన్నారు గానీ ఎండిపోయిందన్న నింద మాత్రం ఇంతవరకు ఎవరూ వెయ్యలేదు.

సంగతి లాస్యప్రియకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను.

"అంతేనా? నాది వాడండి," అంది. "నాకు దండిగా ఊరుతుందండి. ఇలా పట్టుకురండి మాస్కు."

వెంటనే మాస్కు వెనక్కి దాచేశాను. చెయ్యే ముందు కదిలింది, నేను కాదు. ఆవిడ ఆ చెయ్యి వైపు చూసింది.

"గరిటె కేసు ఇంకా నడుస్తోందన్నమాట," అంది.

గరిటె కేసంటే ఇది. మా పిల్లల పెళ్ళి విందులో ఆవిడ పులుసు గరిటెతో రుచి చూసి, అదే గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టింది. నేను ఒక్క మాట అనలేదు. గిన్నె తీసి సముద్రంలో పారబోశానంతే. రెండు వందల మంది చారన్నం తిన్నారు.

"వదినగారూ, మీకు నా కూతురు కావాలి, నా జత కావాలి. నా ఉమ్మి మటుకు అంటరానిదైపోయింది. ఆయ్, సరేనండి. సోమవారం ఇంకో జతని చూసుకోండి."

వెళ్ళిపోయింది. తలుపు ధడాలున వేసుకునేదే గానీ, మావి తెరలు. తెరనే వీలైనంత గట్టిగా వేసుకుంది.

ఆదివారం

మునక లేదు. జత లేదు. ఇంకో జత కోసం నలుగురిని అడిగాను. ఒకరికి నడుము నొప్పి, ఇద్దరికి పని. నాలుగో ఆవిడ నిజం చెప్పింది: "మీతో దిగితే పైకొచ్చాక తప్పులు చెబుతారండి."

సాయంత్రం పుల్లనాచు నూరి పచ్చడి చేశాను. ఇదే ఆఖరి పచ్చడి కావచ్చు కదా అని ఎండుమిరపకాయలు ఎక్కువే వేశాను. చెంచాడు నాలుక మీద పెట్టుకున్నాను. పుల్లగా ఉన్నట్టే తోచింది. నోరు మాత్రం ఊరలేదు. ఎండిన నాలుకకు ఏ తీర్పూ చెప్పే అర్హత లేదు. పదకొండేళ్ళ పని గెలిచిందో ఓడిందో నాకే తెలియకుండా మడి పోయేట్టుంది.

ఏడో మునక, సోమవారం

ఇది పూర్తిగా రాస్తాను. వెనక అట్ట మీద కూడా చోటు ఉంది.

పొద్దున్నే మాస్కు, పచ్చడి డబ్బా పట్టుకుని నిచ్చెన దగ్గరకు వెళ్ళాను. జత లేకపోతే రిత్విక్ దించడని తెలుసు. డబ్బా ఎందుకు పట్టుకెళ్ళానంటే, మడి అప్పగించేటప్పుడు అందులో ఏం పండిందో సొసైటీవాళ్ళ నోట్లో పెట్టి మరీ అప్పగిద్దామని.

దూరం నుంచే లాస్యప్రియ గొంతు వినిపించింది. ఆవిడ రిత్విక్‌ను గాలిపంపుకు ఆనించి నిలబెట్టి వాదిస్తోంది.

"చూపు మసక అని రాసారు. ఎవరి చూపండీ? అద్దానిదా, మనిషిదా? ఆవిడ కంటికి మీరు పరీక్ష పెట్టారా, మీరిచ్చిన మాస్కుకి పెట్టారా? ఆ మాస్కు ఇచ్చింది సొసైటీ. తప్పు సొసైటీది, శిక్ష ఆవిడకా? నా జత కేసులో నా వాదన వినకుండా ఎలా రాస్తారండీ?"

'నా జత' అంది. నేను అక్కడే నిలబడిపోయాను.

"రూల్ ప్రకారం మళ్ళీ చదవాల్సిందేనండి," అన్నాడు రిత్విక్. వాడి మొహం చూస్తే అరగంట నుంచి వాడి విచారణ నడుస్తున్నట్టుంది. "మాస్కు శుభ్రం చేసుకునే పద్ధతి మాత్రం వారిష్టం. నాకేం అభ్యంతరం లేదు."

లాస్యప్రియ నా వైపు తిరిగింది. "విన్నారు కదా. ఇప్పుడు మీ నోటితో మీరు అడగండి. అడిగితేనే ఇస్తాను."

నేను ఉత్తరాలు బాగా రాస్తాను, ఉపన్యాసాలు ఇవ్వగలను. అడగడం అలవాటు లేదు. కింద చాపంత మడి ఉంది. పైన ఈవిడ ఉంది. మాస్కు రెండు చేతులా పట్టుకుని ముందుకు చాపాను.

"వదినగారూ," అన్నాను. "మీ ఉమ్మి ఇప్పించండి."

రిత్విక్ సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

లాస్యప్రియ మాస్కు అందుకుంది. గొంతు సవరించుకుంది. బుగ్గలు పూరించింది. ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మొన్నటి నా పిల్లి ఆవిడ గొంతులో కూడా దగ్గింది.

"మీ కేసు వాదించి వాదించి నా నోరు కూడా ఎండిపోయిందండి," అంది బిక్కమొహంతో.

"టైం అవుతోంది మేడమ్," అన్నాడు రిత్విక్, ఇటు తిరక్కుండానే.

నాకు డబ్బా గుర్తొచ్చింది. మూత తీసి చెంచాతో ఆవిడ నోట్లో పెట్టాను. ఒద్దనడానికి నోరు తెరిచింది, అదే చాలింది.

నమిలింది. ఆగింది. ఒక కన్ను మూసుకుపోయింది, తర్వాత రెండోది. దవడలు లోపలికి లాక్కుపోయాయి. భుజాలు చెవుల దాకా లేచాయి. ఇన్నేళ్ళలో ఆవిడ మాట్లాడకుండా ఉండటం నేను చూడలేదు. ఇవాళ చూశాను.

"నోరూరిందా?" అన్నాను.

"ఊఁ," అంది. అంతకంటే చెప్పడానికి నోరు ఖాళీ లేదు.

పచ్చడి మింగేసి, మాస్కు దగ్గరకు తీసుకుని, కోర్టు ముద్ర వేసినంత శ్రద్ధగా ఉమ్మింది. వేలితో అద్దమంతా రాసింది. ఒక్కసారి నీళ్ళలో జాడించి నా చేతికిచ్చింది.

"ఇదిగోండి. పదకొండేళ్ళ తీర్పు కొట్టేస్తున్నానండి," అంది. "పులుపుందండి వదినగారూ."

ఏడుపొచ్చింది. కుంకుడు రసం కాదు. ఆలోచించే సమయం ఇచ్చుకోకుండా మాస్కు మొహానికి తగిలించుకున్నాను.

కిందికి దిగాం, ముగ్గురం. నాలుగు బారలు దాటగానే చెంప ఎముకలో మొదలైంది.

"అద్దముపై అన్య ద్రవము గుర్తించబడినది. తొలగించవలెనా? అవునన్న ఒకసారి, కాదన్న రెండు పర్యాయములు తట్టుడు."

రెండుసార్లు తట్టాను. దానికి అర్థం కాలేదేమోనని మళ్ళీ రెండుసార్లు తట్టాను.

"మీ ఎంపిక నమోదైనది," అంది మాస్కు, కాస్త నొచ్చుకున్నట్టుగా.

అద్దం తేటగా ఉంది. వేలితో తుడిచిన గాలిలా ఉంది. నా మడి కనిపించింది. వారం రోజులుగా తడుముకుంటున్న పుల్లనాచు, ఆకు ఆకు విడివిడిగా, ఎర్రటి ఈనెలతో ఊగుతోంది. నేను తాడు కోసేసిన బుట్ట పక్కనే గుంజకు చిక్కుకుని ఉంది. దాని మీదుగా బస్టాండు గోడ కనిపించింది.

రిత్విక్ కర్ర ఎత్తి కుడివైపు మూలన, తూము పక్కన, చిన్న అక్షరాల వరుస చూపించాడు. మొత్తం గోడలో అన్నిటికంటే చిన్న రాత అదే.

చదివాను. మళ్ళీ చదివాను, కళ్ళను నమ్మక కాదు.

పలక మీద కాలేజీ నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా రాసి, ఇద్దరికీ కనిపించేట్టు ఎత్తి పట్టుకున్నాను:

ఇచ్చట ఉమ్మివేయరాదు.

లాస్యప్రియ నోటి గొట్టంలోంచి బుడగలు గుంపులు గుంపులుగా పేలాయి. సముద్రం మరుగుతోందేమో అన్నట్టు పైకి లేచాయి. నవ్వు ఆపుకోలేక ఆవిడ గుంజను కావలించుకుంది. ఆవిడ మాస్కేమో, "దయచేసి శ్వాసించుట తగ్గించుకొనుడు," అని అరుస్తూ ఉండి ఉంటుంది.

పైకొచ్చాక రిత్విక్‌ను నిలదీశాను, కావాలనే ఆ వరుస చూపించాడా అని.

"చీటీ తీశాను మేడమ్. ఒట్టు," అన్నాడు. రిపోర్టులో పాతది కొట్టేసి 'చూపు స్పష్టం' అని రాశాడు. ఏడాది దాకా మడి నాదే.

తర్వాత ఇద్దరం నిచ్చెన దగ్గర కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాం. లాస్యప్రియ డబ్బా తన ఒడిలోకి లాక్కుంది. ఒక చెంచా తిని, కళ్ళు మూసుకుని, చెంచా ఆ చివర నుంచి ఈ చివరకు నాకి, మళ్ళీ డబ్బాలో పెట్టి నా వైపు జరిపింది.

నేను చూశాను. స్పష్టంగానే చూశాను. ఆ చెంచాతోనే తిన్నాను.